విజిల్ పడ్డాకే

అబ్బా, అంటే మా నాన్న, పోయాక నలభై దినాల ఫాతిహా కూడా ముగిసింది. ఇక వాయిదా వేయడానికి సాకు దొరక్క, మానుకోట స్టేషన్ రోడ్డులోని ఆయన టైలరు దుకాణం తాళం తీశాను. కాగితాల మీద ఆ ఊరు మహబూబాబాద్, అక్కడ పుట్టినవాళ్లకు మానుకోటే. షట్టర్ లేపగానే మిషన్ నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన కలిసి ముఖాన కొట్టాయి. అక్కడే నిలబడి ఏడ్చేశాను. జనగామ బడిలో పిల్లల్ని గడగడలాడిస్తుందని పేరు తెచ్చుకున్న నాలాంటి పంతులమ్మ గుమ్మంలో ముక్కు చీదుతుంటే చూడలేక, పక్క పాన్ డబ్బా ఆయన స్టూలు తెచ్చి వేశాడు. ఏడుపు అయ్యాక చున్నీ నడుముకు బిగించి పనిలో పడ్డాను.

గుండీల డబ్బా అడుగున, ఇటుక రంగు గుడ్డముక్కలో చుట్టి, ఒక పాత బటన్ల ఫోను దొరికింది. దాని కిందే అబ్బా కొలతల పుస్తకం. నా వెంట మా అన్న కూతురు రుబీనా వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో దాని ఉద్యోగం. ఆట ఆడదు, ఆడించదు. క్లబ్బు సంగతులు అభిమానుల ఫోన్లకు చేరవేసే విభాగంలో కూర్చుంటుంది. వీడియోలు, బొమ్మలు, గోలు పడిన క్షణంలో మోగే గంటలు, అన్నీ దాని చేతి మీదుగానే వెళ్తాయి. ఫోను చూసి "ఫుప్పీ, దీన్ని మ్యూజియంలో పెట్టాలి" అని నవ్వింది. సన్న పిన్ను చార్జర్ కోసం వీధంతా గాలించి తెచ్చింది కూడా అదే. గంటసేపు పెడితే ఫోను కళ్లు తెరిచింది. పంపకుండా దాచిన మెసేజి ఒక్కటుంది, ఇంగ్లీషు అక్షరాల్లో మా తెలుగు: ఓడినం. మళ్ల ఆడుదం.

గెలిస్తే పంపేది కూడా ముందే రాసుకునేదాన్నని చెప్పాను. "రెండూ రాసి పెట్టుకునేదానివా? మేమూ అంతే ఫుప్పీ. గెలిచిన బొమ్మ ఒకటి, ఓడిన బొమ్మ ఒకటి ముందే తయారుచేసి పెట్టుకుంటాం. విజిల్ పడగానే ఒకటి నొక్కుతాం" అంది. నేను ఒకసారి విజిల్ పడకముందే నొక్కానని చెప్పాను. దాని ముఖం చూడాలి. "యా అల్లా! మా దగ్గరైతే ఉద్యోగం పోతుంది" అంది. మా క్లబ్బులో ఉద్యోగాలు లేవు కాబట్టి అది పోలేదు. పోయిందేమిటో, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో అక్కడే కత్తిరింపు బల్ల మీద కూర్చుని చెప్పాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నదీ అదే. మా ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటాం. ఇంటివాళ్ల మాటలు చాలావరకు తెలుగులోనే రాస్తున్నాను.

స్టేషన్ వెనక గూడ్స్ షెడ్డు పక్కన ఒక ఎగుడుదిగుడు స్థలం ఉండేది. అదే మా గ్రౌండు. రైలు పట్టాలు చూసే గ్యాంగుమన్ల పిల్లలు, మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే కుర్రాళ్లు, తండాల నుంచి చదువుకోవడానికి వచ్చిన హాస్టలు పిల్లలు కలిసి స్టేషన్ క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. జెర్సీలు కుట్టింది అబ్బా. బ్యాండుమేళం వాళ్ల యూనిఫారాలకు తెప్పించి మిగిలిపోయిన ఇటుక రంగు గుడ్డ తాను ఒకటి దుకాణంలో పడి ఉండేది. అదే క్లబ్బు రంగయిపోయింది. పై ఊరు ఆటకు వెళ్తే "బ్యాండోళ్లు వచ్చిండ్రు, వాయించుండ్రి" అని వెక్కిరించేవారు. అబ్బా మాత్రం ఆ జెర్సీల కాలర్లకు పెళ్లి షేర్వానీకి పెట్టినంత శ్రద్ధగా కుట్లు వేసేవాడు. ఆటంటే ఆయనకు పెద్దగా తెలియదు. భుజం దగ్గర గుడ్డ పట్టేయకుండా గోల్‌కీపరు చేతులు పైకి లేస్తున్నాయా లేదా అన్నదొక్కటే చూసేవాడు.

ఫోన్లకు ముందు క్లబ్బు కబుర్లన్నీ ఐలన్న బోర్డు మీదే. ఐలన్నకు స్టేషన్ ముందు చాయ్ హోటలు, క్లబ్బుకు కార్యదర్శి కూడా అతనే. హోటలు గోడకు నల్లబోర్డు వేలాడదీసి సుద్దతో ఆటల వివరాలు రాసేవాడు. తాను గ్రౌండు నుంచి తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి వెలిగించాకే స్కోరు రాసేవాడు. అప్పటిదాకా ఎవరు బతిమాలినా నోరు విప్పేవాడు కాదు. నాకు ఆ నిదానం చూస్తే ఒళ్లు మండేది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాకు, సందు చివర ఇంటర్నెట్ సెంటరులో గంట కూర్చుంటే లోకం మొత్తం చేతిలోకి వచ్చినట్టుండేది. క్లబ్బుకు ఫేసుబుక్కులో ఒక పేజీ తెరిచాను. ఫోటో ఒక్కటి ఎక్కాలంటే మధ్యలో కరెంటు రెండుసార్లు పోయేది. అయినా పట్టు వదల్లేదు.

ఆ పేజీ చూసేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో లేనివాళ్లు. హైదరాబాదు హాస్టళ్లలో ఉన్నవాళ్లు, దుబాయి వెళ్లినవాళ్లు. పాలకుర్తి నుంచి గల్ఫుకు పోయిన ఒకాయన ప్రతి శుక్రవారం అడిగేవాడు: "అక్కా, గోల్ ఎటుకెల్లి పడ్డది? షెడ్డు దిక్కా, పట్టాల దిక్కా?" అప్పటినుంచి ప్రతి గోలుకూ దిక్కు రాశాను. తాను చిన్నప్పుడు మేనమామతో వచ్చి కూర్చున్న చోటు నుంచి బంతి ఎటు పోయిందో ఆయనకు కావాలి మరి. ఒకసారి ఎవరో కోస్తా ఆయన పేజీ కింద రాశాడు, ఇదేం తెలుగు, సినిమాల్లో నవ్వించేవాడి మాటలా ఉందని. సిగ్గేసింది, ఒప్పుకుంటాను. వెంటనే "మన జట్టు ఘనవిజయం సాధించినది" అని రాయడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా మా గోల్‌కీపరు మోతీ దుకాణానికి వచ్చి "చెల్లె, నీ మెసేజి మా బాపుకు సదివి ఇనిపిస్తే గిది రేడియోల వార్తలా అన్నడు. మనోళ్లు గెల్చిండ్రని ఆయనకు తెల్వనే లేదు" అన్నాడు. ఆ పూటే మళ్లీ 'గెల్చినం' అని రాశాను. తర్వాత ఎవడేమన్నా మార్చలేదు.

మోతీది కొత్తగూడ దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక లంబాడీ తండా. వాళ్ల నాన్న హరియా పోడు చేసుకునే మనిషి. అక్కడ ఇంటర్నెట్టు మాట దేవుడెరుగు, ఫోను సిగ్నలు కూడా తండా పక్క మిట్ట ఎక్కితేనే. అలాంటి చోట్లకు మెసేజీలే దిక్కు. నంబర్లెక్కడివంటే, అబ్బా కొలతల పుస్తకంలోవి. బట్టలు తయారయ్యాక కబురు చేయడానికి ఛాతీ, నడుము, చేతి పొడవు పక్కన ఆయన ఫోను నంబరు కూడా రాసుకునేవాడు. గుడ్డ ఇచ్చే ప్రతి మనిషినీ "ఫుట్‌బాల్ మెసేజి కావాల్నా" అని నేను అడిగేదాన్ని. అవునంటే పేరు పక్కన సున్నా చుట్టి, సున్నాలో చుక్క పెట్టేదాన్ని. ఇంతలావు పొట్ట ఎవరిదో, వాళ్లకు ఏ ఆటగాడంటే ఇష్టమో రెండూ ఒకే పేజీలో ఉండేవి.

అవి రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. పొద్దున ధర్నాలో కూర్చున్నవాళ్లే సాయంత్రం గ్రౌండు గట్టు మీద కనిపించేవారు. ఏ చౌరస్తాకు రావాలో, ఏ రోజు బందో, అదీ మా మెసేజీల్లోనే వెళ్లేది. గాలి కబుర్లు కూడా ఫోన్లలోనే పుట్టి ఫోన్లలోనే పెరిగేవి. అందుకే కాబోలు, సర్కారు ఒక సిమ్ము నుంచి రోజుకు ఇన్ని మెసేజీలే అని హద్దు పెట్టింది. నేను నాది, అబ్బాది, మా నాయనమ్మ దాదీది, ఐలన్న ఇచ్చినది కలిపి నాలుగు సిమ్ములు పెట్టుకున్నాను. పదేసి మందికి ఒక్కో విడత. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా పంపడానికి పావుగంట పట్టేది. సిమ్ములు మార్చి మార్చి బొటనవేలి గోరు అరిగిపోయింది. తండాలవాళ్లు మా దగ్గర గుడ్డ ఇవ్వడం ఆలస్యంగా మొదలుపెట్టారు కాబట్టి వాళ్ల పేర్లు చివరి పేజీల్లో ఉండేవి. "అందరికి తెల్సినంకనా మాకు తెలిసేది?" అని హరియా ఒకసారి నన్ను నిలదీశాడు. అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

భూపాలపల్లి బొగ్గుబావుల కార్మికుల గ్రౌండులో ఫైనల్ పడింది. బావుల టీముతో ఆట. మర్నాటి నుంచి బందు. మన టీము ఒక ఫైనల్ దాకా రావడం అదే మొదలు. నేను వెళ్తానంటే అబ్బా "నక్కో బేటీ, రేపు దారులు మూస్తే ఎక్కడ చిక్కుకుంటావో" అన్నాడు. దుకాణంలో కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద మూడు ఫోన్లు, ఒళ్లో కొలతల పుస్తకం, మూలన దాదీ, ఆమె వక్కల డబ్బా. దాదీకి ఆట ఒక్క ముక్క అర్థం కాదు. కానీ మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం నమాజు కాగానే దుకాణానికి వచ్చి కూర్చుని, అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ ఫలితం కోసం చూసేది. గెలిస్తే అందరి నోట్లో చిటికెడు చక్కెర వేసేది. ఓడితే ఇంకో వక్క కత్తిరించేది, అంతే.

ఐలన్న అక్కడి నుంచి ఫోన్ చేసి అరిచాడు: "రెండు ఒకటి! మనమే ముందున్నం! ఇంక పావుగంట గూడ లేదు!" అప్పుడు నాకు ఆ తెలివి పుట్టింది. ఇప్పుడు మొదలుపెడితే విజిల్ పడే వేళకు అందరికీ ఒకేసారి చేరుతుంది. ఎవరూ చివర ఉండరు. ఈసారి పుస్తకాన్ని వెనక నుంచి తెరిచాను, తండాల పేజీల నుంచి. 'గెల్చినం. కప్పు మనదే' అని ముందే రాసి పెట్టుకున్న మెసేజి పదేసి మందికి పంపుకుంటూ పోయాను. దాదీ తలెత్తి "ఆట అయిపోయిందా?" అని అడిగింది. "అయిపోయినట్టే దాదీ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆఖరి విడత పోయేసరికి నాలుగు సిమ్ములకూ ఆ రోజు హద్దు అయిపోయింది.

మళ్లీ ఫోన్ మోగింది. ఐలన్న గొంతు పోయింది. "షాహీన్... రెండు ఏసిండ్రు బిడ్డా, ఆఖర్ల. ఒకటి మోతీ చేతికెల్లి జారింది. ఓడినం." నేను 'ఓడినం' మెసేజి తెరిచి నొక్కాను. పోలేదు. సిమ్ము మార్చాను. పోలేదు. నాలుగోది కూడా మొండికేసింది. ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తితే, బందు భయానికి వేళకు ముందే షట్టర్ దించేసి ఉంది. తెలిసిన నంబర్లకు ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నాను. కొందరు ఎత్తారు, చాలామందివి స్విచాఫ్. మోతీ తండాకు ఎన్నిసార్లు చేసినా అందలేదు. ఎవరో మిట్ట ఎక్కి మెసేజి అందుకుని కిందికి దిగిపోయి ఉంటారు. వీధిలో అప్పటికే పటాకుల చప్పుడు.

"క్యా హువా బేటీ?" అని అబ్బా మిషన్ ఆపాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన సగం కుట్టిన కాలరును మడిచి పక్కన పెట్టి "ఎంతమందికి పంపావు?" అని అడిగాడు. పుస్తకంలో చుక్క ఉన్నవాళ్లందరికీ అన్నాను. "అయితే రేపు ఇంకో మెసేజి పంపితే సరిపోదు. పుస్తకం తీసుకునే పోదాం. పొద్దున్నే బండి తీస్తాను. ముందు మోతీ ఇల్లు" అన్నాడు. దాదీ వక్కల డబ్బా మూసి, చక్కెర పొట్లం మళ్లీ కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

పొద్దున్నే అబ్బా పాత మోపెడ్ మీద బయలుదేరాం. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా ఎండుకట్టెలు, మధ్యలో మూడు రాళ్ల మీద పెద్ద గిన్నె. ఆ రోజుల్లో బందంటే రోడ్డు మీదే వండుకుని తినడం. పప్పు ఉడుకుతోంది, పొగ కళ్లలో పడుతోంది. ఒకతను కర్ర అడ్డం పెట్టి "బందు ఎరుకలేదా, ఎటు పోతున్నరు?" అన్నాడు. వెనక నుంచి ఇంకొకతను "గీమె మన షాహీనక్క గాదె! అక్కా, గెల్చినం గద! గా సంబురానికే ఇయ్యాల పప్పుల నెయ్యి ఏస్తున్నం" అన్నాడు. నేను బండి దిగాను.

"ఓడినం అన్నా. మెసేజి తప్పు. ఆట అయిపోకముందే పంపిన."

గిన్నె దగ్గర కూర్చున్న ముసలామె గరిటె పట్టుకునే లేచింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇస్తమన్నరు, మల్ల లేదన్నరు. ఢిల్లోల్లు చేసిందే నువ్వు గూడ చేస్తివా బిడ్డా?"

చెంప దెబ్బ తిన్నా అంత మండేది కాదు. రాష్ట్రం ఇస్తామని చెప్పి, ఊళ్లలో సంబరాలు ఇంకా చల్లారకముందే ఆ మాట వెనక్కి తీసుకున్న రోజులు అక్కడున్న ప్రతి ఒక్కరికీ పచ్చిగా గుర్తున్నాయి. ఆ మాట మీద నమ్మకంతో పటాకులు కాల్చినవాళ్లే వాళ్లంతా. నేను కూడా కాల్చాను. ఇప్పుడు ఆ పని చేసినవాళ్ల పక్కన నన్ను నిలబెట్టింది ఆమె, అందులో తప్పేమీ లేదు. "చేసిన అవ్వా. తప్పయింది. గందుకే ఇల్లిల్లు తిరిగి చెప్పొస్త" అన్నాను. తల దించలేదు. ముసలామె గరిటెతో కట్టెల వైపు చూపించింది. "వాళ్లెవ్వరు తిరిగి వచ్చి చెప్పలే. గీ పిల్ల వచ్చింది. జరుపుండ్రి రా, బండి పోనియ్యుండ్రి."

దారిలో ఇలాంటి అడ్డంకులు ఇంకా తగిలాయి. ప్రతి చోటా బండి దిగి అదే మాట చెప్పాను. ఒకచోట ఒకడు "నిన్ననే మేకను కోస్తిమి, అది మల్ల లేస్తదా?" అన్నాడు. ఇంకోచోట "రేపు ఫలానా చౌరస్తకు రాండ్రని నువ్వు మెసేజి పెడితె నమ్మాల్నా వద్దా?" అని నిలదీశారు. నమ్మమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పుస్తకం తెరిచి, వాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టి ముందుకు కదిలాను.

తండా ఇంకా కనిపించకముందే నగారా మోత వినిపించింది. పాత లారీ టైరు మీద పిల్లలు ఎగురుతున్నారు, ఆడవాళ్లు అద్దాల రైకలు వేసుకుని చప్పట్లు కొడుతూ గుండ్రంగా ఆడుతున్నారు. మధ్యలో మంచం, మంచం మీద మెడ నిండా బంతిపూల దండలతో మోతీ. తెల్లారేసరికి వ్యాను దిగి, అడవి దారిన నడిచి వచ్చాడట. అతను తల వంచుకుని నేల చూస్తున్నాడు. హరియా కొత్త తలపాగా కట్టుకుని నాకు ఎదురొచ్చాడు. ఒక చేతిలో ఫోను. "రా బిడ్డా, రా! గీనికి నువ్వన్న చెప్పు. పొద్దట్నుంచి ఓడినం, ఓడినం అంటున్నడు. నీ మెసేజి నా చేతిల ఉండంగ వాని మాట ఎట్ల నమ్మాలె? సిగ్గుపడుతున్నడేమో!"

కన్న కొడుకు నోటితో చెప్పినా నమ్మలేదు ఆయన. నా మెసేజి నమ్మాడు. ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత అసహ్యం మళ్లీ ఎన్నడూ కలగలేదు.

"మోతన్న చెప్పిందే నిజం బాపూ. నేను పంపిందే అబద్ధం" అన్నాను. నగారా ఆగింది. హరియా చేతిలోని ఫోను చూశాడు, కొడుకును చూశాడు. వాళ్ల భాషలో ఏదో అడిగాడు. మోతీ తలూపాడు. వాళ్లమ్మ వచ్చి ఒక్కొక్క దండా తీసి మంచం కోడుకు వేసింది. మోతీ లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

"బంతి నా చేతికెల్లి జారింది చెల్లె. అది నేను మోస్త. గీ దండలు గూడ మోయాల్నా?" అన్నాడు. "నేనింక ఆడ."

అప్పుడు అబ్బా మెడలోంచి కొలత టేపు తీశాడు. బందు రోజైనా, పండగైనా ఆ టేపు ఆయన మెడలో ఉండాల్సిందే. "నిలబడు మోతీ. కొత్త జెర్సీకి కొలత తీయాలె. నీ భుజాలు పెరిగినయి" అన్నాడు. "నేను ఆడనంటున్న చాచా" అన్నాడు మోతీ. "ఆడుడు నీ ఇష్టం. కుట్టుడు నా పని" అని అబ్బా వెనక్కి వెళ్లి భుజం మీద టేపు పెట్టాడు. తండా అంతా చూస్తోంది. అబ్బా అంకెలు చెప్పడం, నేను పుస్తకంలో రాయడం. చేతి పొడవు కొలిచేటప్పుడు మోతీ కాసేపు బిగుసుకుని ఉండి, చివరకు చేతులు రెండూ బార్లా చాపాడు. అలాగే చాపి ఉంచి నాతో అన్నాడు: "ఒక్క మాట చెల్లె. ఇగ విజిల్ పడ్డంకనే పంపాలె. ఓడితె అందరికంటె ముందు మా బాపుకు చెప్పాలె."

"నాకు సదువు రాదు. మెసేజి వద్దు, నీ నోటితోని చెప్పు" అన్నాడు హరియా. తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

పుస్తకంలో చుక్కలన్నిటికీ టిక్కులు పడడానికి మూడు రోజులు తిరిగాం. ఆ ఏడు టీము మళ్లీ గ్రౌండులోకి దిగినప్పుడు గోలులో కొత్త జెర్సీతో మోతీయే ఉన్నాడు. మొదటి ఆటలోనే ఓడారు. విజిల్ పడిందని ఐలన్న చెప్పాక, ముందు హరియాకు ఫోన్ చేశాను. అదృష్టంకొద్దీ మిట్ట మీదే ఉన్నాడు. "ఎన్ని పడ్డయి?" "మూడు బాపూ." "మావోడు ఎన్ని ఆపిండు?" ఆపినవి లెక్కపెట్టాలని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచి ఐలన్న ఆపిన బంతులు కూడా లెక్కపెట్టాడు. పేజీలో, మెసేజీల్లో, అతని నల్లబోర్డు మీద కూడా గోల్స్ పక్కన ఆ అంకె ఉండేది.

రుబీనా ఇదంతా విని, తన ఫోనులో వాళ్ల క్లబ్బు యాప్ తెరిచి చూపించింది. కీపరు ఆపినవి, ఎటు దూకాడో, ఎంత ఎత్తుకు ఎగిరాడో, అన్నీ ఉన్నాయి అందులో. నాకంటే చాలా బాగా చేస్తున్నారు, అసూయ లేకుండా ఒప్పుకుంటాను. ఏ అభిమాని ఏ వీడియో ఎంతసేపు చూశాడో కూడా వాళ్లకు తెలుసు. తప్పు పంపితే ఏం చేస్తారని అడిగాను. "తీసేస్తాం ఫుప్పీ. కింద ఒక క్షమాపణ పెడతాం. అరగంటలో అందరూ మర్చిపోతారు" అంది. నా ఫోనులో తీసేయడానికి బటను ఉండేది కాదు. వెళ్లిన మాట హరియా ఫోనులో వెళ్లినట్టే ఉండిపోయేది. ఆ బటను ఉండి ఉంటే నేనూ నొక్కేదాన్నే. నొక్కి ఇంట్లో కూర్చునేదాన్ని. ఆ పిరికితనం నాకు తప్పిందని ఇప్పుడు సంతోషంగా ఉంది. మోతీ ఈ మధ్య కాటారం వైపు ఒక గురుకులంలో పిల్లలకు కీపింగు నేర్పుతున్నాడు. అబ్బా జనాజా మోయడానికి వచ్చినప్పుడు ఆ పాత జెర్సీ వేసుకుని వచ్చాడు. పొట్ట దగ్గర పట్టేసింది, భుజాల దగ్గర మాత్రం సరిగ్గానే ఉంది.

"మరి ఈ డ్రాఫ్టు ఏ మ్యాచ్‌ది?" అని అడిగింది రుబీనా. అది మ్యాచ్‌ది కాదు. ఢిల్లీలో రాష్ట్రం బిల్లు మీద ఆఖరి మాట తేలే సాయంత్రం రాసింది. వీధి వీధంతా మా దుకాణంలోని చిన్న టీవీ ముందే ఉంది. ఐలన్న పటాకుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అలవాటు ప్రకారం నేను రెండు మెసేజీలూ రాసి పెట్టాను. చుట్టూ అప్పటికే "ఇచ్చిండ్రు, ఇచ్చిండ్రు" అని గోల. నన్ను పంపమని నాలుగు వైపులా తొందర. అప్పుడు హరియా ఫోన్ చేశాడు.

"బిడ్డా, తండల అందరు ఎగురుతున్నరు. అయిపోయిందంట గద. నువ్వు చెప్పు. విజిల్ పడ్డదా?"

"ఇంక పడలే బాపూ."

"సరె. పడ్డంక చెయ్యి. గప్పటిదాంక నగారా ముట్టొద్దని చెప్పిన."

నేను ఫోను బల్ల మీద బోర్లించి కూర్చున్నాను. ఎవరెన్ని తిట్టినా ముట్టుకోలేదు. అబ్బా మిషన్ ఆపి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బిల్లు నెగ్గిందని సభలో ప్రకటించడం మా కళ్లతో చూసి, చెవులతో విన్నాక, ఐలన్న సంచి ఎత్తుకుని వీధిలోకి ఉరికాడు. నేను జాబితా తెరవలేదు. ముందు హరియాకు కలిపాను.

"బాపూ, పడ్డది. గెల్చినం."

ఆయన ఫోను పెట్టేయలేదు. కాసేపటికి అందులోంచి నగారా మోత మొదలైంది. నేను ఫోను అబ్బా చెవి దగ్గర పెట్టాను.